గొడుగు చీటీ

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆఫీసులో దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. అందరూ ఆయన్ని "రేపు గారు" అంటారు. భవనాల తనిఖీ ఆయన ఉద్యోగం. మీ మెట్లు గట్టిగా ఉన్నాయా, కరెంటు తీగలు సరిగ్గా ఉన్నాయా, మీ మేడ బరువు మోస్తుందా మొయ్యదా అని చూసి, బాగుంటే కాగితం మీద సంతకం పెట్టాలి. చూడ్డం అరగంటలో చూసేస్తాడు. సంతకం దగ్గరే వస్తుంది చిక్కు. కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "రేపు రండి" అంటాడు. ఆ రేపు ఎన్నాళ్ళకొస్తుందనేది అవతలివాళ్ళ తెలివితేటల మీద ఆధారపడి ఉంటుంది.

అలాగని రాక్షసుడేం కాదండోయ్! కూలిపోయే మేడకి ఎంత ఇవ్వజూపినా సంతకం పెట్టేవాడు కాదు, ఆ విషయంలో మహా నిక్కచ్చి. బాగున్న మేడకి ఊరికే పెట్టడమే ఆయనకి చేతకాలేదు. పైగా మర్యాదస్తుడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో లంచం అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. "గొడుగు తెచ్చారా?" అనేవాడంతే. ఆ ఆఫీసులో అందరూ అలాగే అంటారు. మాడు పగిలే ఎండలో కూడా అదే అడుగుతారు. తెలియనివాళ్ళు నిజంగానే గొడుగు తీసి చూపిస్తే, పక్కనున్నవాళ్ళు చెవిలో అసలు సంగతి ఊదేవారు.

ఆఫీసులో ఇంత దర్జాగా తిరిగే మనిషి ఇంటి గుమ్మం ఎక్కేసరికి గొంతు సగానికి తగ్గించేసేవాడు. కారణం మామగారు. ఆయన రిటైరైన హెడ్మాష్టరు, కూతురి దగ్గరే ఉంటున్నాడు. చెవిమీద ఎప్పుడూ ఎర్ర పెన్సిలుంటుంది. పేపరు కానివ్వండి, మందుసీసాతో వచ్చిన కాగితం కానివ్వండి, అచ్చయింది ఏది కనపడినా తప్పులు దిద్దందే వదలడు. అల్లుడు పెళ్ళికి ముందు భయంభయంగా రాసిన ఉత్తరాన్ని కూడా దిద్ది, పదికి నాలుగు మార్కులు వేసి వెనక్కి పంపిన ఘనుడు. ఆ నాలుగు మార్కులు అల్లుడు ఇప్పటికీ మర్చిపోలేదు. మామగారు మర్చిపోనివ్వలేదు కూడా.

పొద్దున్నే తలుపు వెనక తగిలించిన వంకర పిడి గొడుగు చంకలో పెట్టుకుని మామగారు నడకకి వెళ్ళేవాడు. తిరిగొచ్చాక అలమారలో వరసగా నిలబెట్టుకున్న పెద్ద నిఘంటువు సంపుటాల్లో ఒకటి తీసి నాలుగు పేజీలు చదివేవాడు. "'ర' దాకా వచ్చింది. 'ల' ఎప్పుడొస్తుందో ఏమిటో! నేనుండగా చూస్తానా?" అని రోజూ ఒకసారి నిట్టూర్చి, అల్లుడి వైపు ఓ చూపు చూసేవాడు, 'ల' రాకపోవడం అల్లుడి తప్పే అన్నట్టు.

సరిగ్గా ఆ నిఘంటువు ఆఫీసు ఫైలే ఒకరోజు రేపు గారి బల్ల మీదికి వచ్చింది.

అది టైర్ల దుకాణం మీద మొదటి అంతస్తు. పైనుంచి కాగితాల బరువుకి తన కప్పు కుంగిపోతోందని కింద టైర్లాయన ఫిర్యాదు పెట్టాడు. నెలాఖరులోగా భద్రతా పత్రం తెచ్చుకోండి, లేదా ఖాళీ చెయ్యండి అని నోటీసు. రేపు గారు సుత్తీ టేపూ పట్టుకుని ఇరుకు మెట్లెక్కి వెళ్ళాడు. లోపల మూడు గదులు, గోడల పొడవునా నేల నుంచి కప్పు దాకా చిన్నచిన్న చెక్క సొరుగులు. సొరుగు సొరుగుకీ ఓ ఇత్తడి రింగు, రింగు పైన అక్షరం. గదంతా పాత కాగితం వాసన, జిగురు వాసన.

అక్కడున్నది ఇద్దరే. ఒకామె టైపిస్టు, పుష్టిగా ఉన్న మనిషి, నవ్వుమొహం. రెండో ఆమె సంపాదకురాలు, డెబ్భైకి దగ్గరపడ్డ సన్నటి మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. జనం ఎక్కడ మాట్లాడుతుంటే అక్కడికి వెళ్ళి మాటలు చీటీల మీద రాసుకుంటుంది కాబట్టి ఆ వీధిలో ఆమెని చీటీలమ్మ అంటారు.

రేపు గారు దూలాలు సుత్తితో తట్టి చూశాడు. గోడల మూలలు చూశాడు. గ్లాసు నిండా నీళ్ళు నేలమీద పెట్టి, పక్కన నాలుగు గెంతులు గెంతమని టైపిస్టుని అడిగాడు. ఆవిడ చెప్పులు విడిచి ఎనిమిది గెంతింది. నీళ్ళు తొణికాయి గానీ ఒలకలేదు.

"మేడ శుభ్రంగా ఉంది. టైర్లాయనకి పెచ్చులూడుతున్నాయంటే అది సున్నం తప్పు" అన్నాడు.

"అమ్మయ్య, నా తల్లే!" అంది చీటీలమ్మ. "అయితే ఇప్పుడే సంతకం పెట్టేస్తావా నాయనా?"

రేపు గారు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. "పెడదాం. రేపు రండి. వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకోండి."

"వానల్లేవుగా?"

టైపిస్టు దగ్గి, గుసగుసగా చెప్పాననుకుంటూ గదంతా వినపడేట్టు చెప్పింది. "లంచం అడుగుతున్నారమ్మా."

రేపు గారికి చెమటలు పట్టాయి. ఇప్పుడీ ముసలావిడ శాపనార్థాలు పెడుతుందో, ఏడుస్తుందో అనుకున్నాడు. రెండూ కాలేదు. చీటీలమ్మ మొహం వెలిగిపోయింది.

"గొడుగంటే లంచమా? నిజంగానా? ఎక్కడంటారిలాగ, మీ ఆఫీసులో ఒక్కచోటేనా? ఎన్నాళ్ళనుంచి? ఉండు నాయనా, కదలకు, నీకు పుణ్యముంటుంది! ఏవమ్మా, ఆయనకి కుర్చీ వెయ్యి, టీ పెట్టు!"

సంగతేమిటంటే, 'ల' సంపుటం ఐదో మాట దగ్గరే చతికిలబడి ఉంది. లంక అయింది, లంగరు అయింది, లంగా అయింది, లంఘనం కూడా అయింది. లంచం దగ్గర చీటీలమ్మ మూడు వారాలుగా జుట్టు పీక్కుంటోంది. సొరుగు లాగి చూపించింది. రెండు వందల పైచిలుకు చీటీలున్నాయి.

"అన్నీ ఇచ్చినవాళ్ళవీ, తిట్టినవాళ్ళవీ! 'వాడు తిన్నాడు, వీళ్ళు మెక్కారు, ఫలానా ఆఫీసులో గడ్డి కరుస్తారు.' పుచ్చుకునేవాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఏమనుకుంటారో ఒక్క ముక్క లేదు. అడగ్గానే 'మాకేం తెలుసండీ' అని మొహం తిప్పేసుకుంటారు. దొరక్క దొరక్క దొరికావు!"

రేపు గారిని ఇంత ప్రేమగా ఇంతవరకూ ఎవరూ చూడలేదు, ఇంటావిడతో సహా. కుర్చీలో కూలబడ్డాడు. చీటీలమ్మ అరచేయంత కాగితం తీసి గబగబా రాసింది. ఆ నిఘంటువు ఆఫీసు పెట్టిన పెద్దాయన ఓ నియమం రాసి గోడకి పటం కట్టించి పోయాడు. నోటిమాట ఏదైనా చీటీకెక్కాలంటే మాట, అన్న వాక్యం ఉన్నదున్నట్టు, అన్నవారి పేరు, చేసే పని, ఏ సందర్భంలో అన్నారు, తేదీ, కింద వాళ్ళ సంతకం ఉండాలి. సంతకం లేని చీటీ చెల్లదు.

"చదువుతాను, సరిచూసుకో" అని చీటీలమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "మాట, గొడుగు. వాక్యం, 'రేపు రండి, వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకోండి.' అన్నవారు, భవన తనిఖీ అధికారి. సందర్భం, మా భద్రతా పత్రం మీద సంతకం అడిగినప్పుడు. బాగుందా? ఇక్కడో సంతకం పెట్టు."

రేపు గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా గాల్లో కలిసిపోయిన మాట నల్లటి సిరాతో కాగితం మీద కూర్చుని ఆయన వంకే చూస్తోంది. ఇదేదో ఎత్తుగడేమోనని ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాడు. అబ్బే, ఎత్తూ లేదు, గడా లేదు. ఆవిడకి మాట దొరికింది, అదే ఆనందం. పత్రం సంగతి అప్పుడే మర్చిపోయినట్టుంది.

"సంతకం... రేపు పెడతాను" అన్నాడు నీళ్ళు నములుతూ.

"అలాగే, తొందరేముంది" అని ఆవిడ చీటీని తీగబుట్టలో పడేసింది. "మాటలిచ్చినవాళ్ళ పేర్లు సంపుటం మొదట్లో అచ్చువేస్తాం. 'ర'లో ఓ నర్సు పేరుంది, లారీ డ్రైవరు పేరుంది. నీ పేరు కూడా పడుతుంది."

లేచి వెళ్ళబోతున్నవాడు ఆగిపోయాడు. "పేరంటే... పూర్తి పేరా?"

"ఇంటిపేరుతో సహా."

ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారు మళ్ళీ 'ల' గురించి నిట్టూర్చాడు. అల్లుడు కంచంలో అన్నం కలుపుతూ ఊహల్లో పడ్డాడు. 'ల' సంపుటం వస్తుంది. మామగారు కళ్ళకద్దుకుని మొదటి పేజీ తెరుస్తాడు. అక్కడ అచ్చులో ఇంటిపేరుతో సహా అల్లుడి పేరు! అచ్చయినదాన్ని తప్ప దేన్నీ లెక్కచెయ్యని మనిషి అప్పుడేమంటాడు? పదికి నాలుగంటాడా? అనమనండి చూద్దాం!

అంతే, మర్నాటి నుంచి రేపు గారు పట్టాలెక్కాడు. సాయంత్రం ఆఫీసు అవగానే టైర్ల దుకాణం పక్క మెట్లెక్కేవాడు. రోజంతా చెవులు రిక్కించి పోగేసిన మాటలు జేబులోంచి తీసేవాడు. ఫైలు గాలికి ఎగిరిపోకుండా "బరువు" పెట్టమంటాడట రికార్డుల గుమస్తా. "కళ్ళు కనపడ్డం లేదు, దీపం వెలిగించండి" అంటాడట నక్షాలు గీసే ఆయన. ఒక్కో మాట చెప్పి, అది ఎలా పుట్టిందో, ఎవరు ఎవరితో ఎలా అంటారో చేతులు తిప్పుతూ వివరిస్తుంటే, చీటీలమ్మ "భేష్! భేష్!" అంటూ రాసుకునేది. ఇంతకాలం సిగ్గుపడాల్సిన సంగతనుకున్నది ఇంత విద్య అని తెలిసి ఆయనకి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆవిడ కూడా తనకి తెలిసింది చెప్పేది. "మామూలు అంటారు చూడు, అది అరబ్బీ మాట. చేసేది, ఎప్పుడూ జరిగేది అని అర్థం. అందులో తప్పేం లేదు పాపం. మనవాళ్ళే దాని చేతిలో కవరు పెట్టారు."

"మరి లంచం?"

"అదా! సంస్కృతంలో ఉంది, పాళీలో ఉంది, ఇరుగుపొరుగు భాషల్లోనూ ఉంది. ఎవరి దగ్గర్నుంచి ఎవరికొచ్చిందంటే మాత్రం పండితులు తలో మాటా చెబుతారు. ఇచ్చినవాళ్ళు ఇవ్వలేదంటారు, పుచ్చుకున్నవాళ్ళు పుచ్చుకోలేదంటారు. దాని బుద్ధే అంత!"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. అలా నవ్వి రేపు గారికి ఎన్నేళ్ళయిందో. తీగబుట్టలో చీటీలు ఇరవై మూడయ్యాయి, ఒక్కదానిమీదా సంతకం లేదు. ఆయన సంచీలో భద్రతా పత్రం ఉంది, దానిమీదా లేదు. చీటీల మీద అడిగినా రేపే, పత్రం మీద అడిగినా రేపే. ఈ తమాషా టైపిస్టు గమనిస్తూనే ఉంది గానీ, టీలో చక్కెర ఎక్కువ వెయ్యడం తప్ప ఏమీ చెయ్యలేదు.

ఒక సాయంత్రం చీటీలమ్మ అడిగింది. "అన్నిటికీ పుట్టుక చెప్పావు, గొడుక్కి చెప్పలేదేం?"

రేపు గారు టీ కప్పులోకి చూశాడు. "చాలా ఏళ్ళ కిందట ఒకాయన కొత్తగా ఉద్యోగంలో చేరాడులెండి. మొట్టమొదటి సంతకం ఓ వడ్రంగి షెడ్డుకి. చూశాడు, బాగుంది, పెట్టేశాడు. బయటికొస్తే కుండపోత వాన. ఆ వడ్రంగి తన గొడుగు తీసి చేతిలో పెట్టి, తడుస్తారు బాబూ, తీసుకెళ్ళండి అన్నాడు. మర్నాడు తిరిగిచ్చేద్దామని ఈయన గొడుగు ఆఫీసుకి తెచ్చుకున్నాడు. సీనియర్లు చూశారు. ఎక్కడిదిరా అన్నారు, చెప్పాడు. అబ్బో, మొదటిరోజే బోణీ కొట్టావే, అదెవరైనా వెనక్కిస్తారా, పిచ్చోడా అని ఒకటే నవ్వు. ఇతనూ నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఎవరో కాగితం కోసం వస్తే, పెద్ద గుమస్తా 'గొడుగు తెచ్చావా' అన్నాడు వేళాకోళానికి. అది అలా ఉండిపోయింది."

"అయ్యో! ఆ వడ్రంగి?"

"ఏమో మరి."

"ఆ కొత్తాయన?"

"ఎక్కడికో బదిలీ అయిపోయుంటాడు" అన్నాడు రేపు గారు. మింగిన టీ వేడికి నాలుక కాలింది.

చీటీలమ్మ నిట్టూర్చి, "పుట్టుక: విన్న మాట. చూసినవారు దొరకలేదు" అని రాసుకుంది.

నెలాఖరు రానే వచ్చింది. ఆఖరి పనిరోజు మధ్యాహ్నం రేపు గారు మెట్లెక్కేసరికి గదిలో సొరుగులు సగం ఖాళీ. మూలన చీటీలు నింపిన గోనెసంచులు. టైపిస్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చీటీలమ్మ మాత్రం బల్ల దగ్గర కూర్చుని అచ్చుకి వెళ్ళాల్సిన పేజీ సరిచూసుకుంటోంది.

"రా నాయనా, వేళకొచ్చావు. పత్రం లేదు కదా, సాయంత్రానికి ఖాళీ చేస్తున్నాం. పేజీ మాత్రం ఇవాళే ప్రెస్సుకి పంపేస్తాను. నీ చీటీల మీద సంతకాలు పెట్టావంటే నీ మాటలు ఉంటాయి. పెట్టకపోతే తీసేస్తాను. చూసుకో."

రేపు గారు పేజీ అందుకున్నాడు. లంచం. కింద అర్థాలు, పుట్టుక, పుస్తకాల్లో వాడుకలు. ఆ కింద ఆయన మాటలు ఇరవై మూడూ వాక్యాలతో సహా వరసగా. ప్రతిదాని చివరా ఒకటే ముక్క: భవన తనిఖీ అధికారి, నోటిమాట. అప్పుడు తట్టింది మహానుభావుడికి! మొదటి పేజీలో పేరు చూసి మామగారు అక్కడితో ఆగుతాడా? ఎర్ర పెన్సిలు పట్టుకుని అక్షరం అక్షరం చదవడూ? పేజీని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"అమ్మగారూ" అన్నాడు గొంతు తగ్గించి. "ఒక పని చేద్దాం. ముందు పేజీలో నా పేరుండనివ్వండి. ఈ మాటల కింద మాత్రం ఎవరో దారినపోయే మనిషి అన్నట్టు రాయండి. మీరలా రాస్తే పత్రం మీద ఇప్పుడే, ఈ క్షణమే సంతకం పెట్టేస్తాను. ఈ సంచులన్నీ విప్పేసుకోవచ్చు."

టైపిస్టు సంచీ మూతి కడుతూ ఆగింది. చీటీలమ్మ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. మెల్లగా ఆవిడ మొహం వికసించింది.

"ఏవమ్మా, విన్నావా? నాకు లంచం ఇస్తున్నాడు! డెబ్భై ఏళ్ళు దగ్గరపడ్డాయి, నా మొహం చూసి నాకెవరైనా లంచం ఇవ్వజూపారా ఇప్పటిదాకా? చీటీ తే, చీటీ తే! 'మీరలా రాస్తే సంతకం పెట్టేస్తాను'... అబ్బ, ఎంత చక్కగా అన్నావు!"

రేపు గారు నోరెళ్ళబెట్టాడు. లంచమా? తను ఇచ్చాడా? జన్మంతా అటువైపు కూర్చున్నవాడు ఇటువైపు నిలబడి చెయ్యి చాపాడు, అదీ గొంతు తగ్గించి. తన బల్ల ముందు నిలబడేవాళ్ళు కూడా ఇలాగే గొంతు తగ్గించేవాళ్ళు కదా అనిపించింది. సిగ్గు ముంచుకొచ్చింది.

చీటీలమ్మ రాయడం ఆపింది. ఆవిడ నవ్వు కూడా తగ్గింది. "నిజం చెప్పనా నాయనా? నువ్వామాట అనగానే ఒక్క క్షణం ఆశపడ్డాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ సొరుగుల మధ్య బతికాను. వీటిని గోనెసంచుల్లో చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. ఒక్క చిన్న అబద్ధమే కదా అనుకున్నాను. కానీ ఒక్క చీటీ అబద్ధమైతే ఇక్కడున్న లక్షల చీటీల్ని ఎవరు నమ్ముతారు చెప్పు? వద్దులే. ఖాళీ చేస్తాం. నువ్వేం బాధపడకు, నీ చీటీలు చింపేస్తాను, నీ మాట బయటికి రాదు."

ఆవిడ తీగబుట్ట దగ్గరికి లాక్కుని, పైనున్న గొడుగు చీటీ తీసింది. చింపబోతుంటే రేపు గారు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయన బదిలీ కాలేదండీ" అన్నాడు.

"ఎవరు?"

"ఆ గొడుగు తీసుకున్నాయన. నేనే. తిరిగిచ్చేద్దామనే ఆఫీసుకి తెచ్చానమ్మా. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వాను. ఆ మాట నావల్లే పుట్టింది."

చీటీలమ్మ భేష్ అనలేదు. కొత్త చీటీ తీసి, ఆయన అన్నది అన్నట్టు రాసి, కలం ఆయన వైపు జరిపింది. రేపు గారు కలం తీసుకున్నాడు. ముందు సంచీలోంచి భద్రతా పత్రం తీసి, కళ్ళజోడు తుడుచుకోకుండానే సంతకం పెట్టి టైపిస్టు చేతికిచ్చాడు. "ఇది మీ మేడ బాగున్నందుకు. దీనికీ చీటీలకీ సంబంధం లేదు" అన్నాడు. ఆ తర్వాత చీటీలు ఒక్కొక్కటే ముందుకి లాక్కున్నాడు. ఇరవై నాలుగు సంతకాలు, తర్వాత ఆయన లంచం ఇవ్వజూపిన చీటీ మీద ఇరవై ఐదోది. ఒక్కపూటలో అన్ని సంతకాలు ఆయన ఉద్యోగంలో ఎన్నడూ పెట్టలేదు. టైపిస్టు ఏడుస్తూ నవ్వుతూ గోనెసంచులు విప్పడం మొదలెట్టింది, ముందుగా 'ల' సంచీ.

ఐదు నెలలకి 'ల' సంపుటం వచ్చింది. తనిఖీ ఆఫీసులో నిఘంటువు తిరగేసే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి రేపు గారి ఉద్యోగానికి ఢోకా రాలేదు. ఈ ఐదు నెలలూ ఆయన బాగున్న మేడలకి అడిగిన రోజే సంతకం పెట్టేస్తుంటే, ఒంట్లో బాగాలేదేమోనని పక్క సీటాయన ఆరా తీశాడు కూడా. గొడుగు అన్న మాట నోటిదాకా వచ్చేది, వాక్యం కింద భవన తనిఖీ అధికారి అని కనపడేది, మళ్ళీ లోపలికి పోయేది.

ఆదివారం పొద్దున మామగారు సంపుటం ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి పేజీలో అల్లుడి పేరు కనపడింది. "ఏమిటీ!" అని కూతుర్ని కేకేసి చూపించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లుడు స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాడు. ఇంత మురిపెం చూసి కూడా ఆయనకి ఆనందం లేదు, ఎందుకంటే మామగారు అక్కడితో ఆగలేదు. చెవిమీద పెన్సిలు తీశాడు. లంక దాటాడు, లంగరు దాటాడు, ఐదో మాటకొచ్చాడు.

చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. 'ఆ గొడుగు తీసుకున్నది నేనే. తిరిగిచ్చేద్దామనే తెచ్చాను. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వాను.' మామగారు పుస్తకం మూసి, తలుపు వెనక తగిలించి ఉన్న వంకర పిడి గొడుగు వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా దాన్ని చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగింది ఆయనే.

"ఇదేనా?"

"ఇదే మామయ్యగారూ."

కూతురు వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. మామగారు లేచి చెప్పులేసుకున్నాడు. "ఆ వడ్రంగి ఉన్నాడా?"

"వెనక బజారులో అదే షెడ్డులో ఉన్నాడండీ. నేను ఆ వీధిలోకి వెళ్ళను."

"ఇప్పుడు వెళదాం. గొడుగు మీరే పట్టుకోండి, అల్లుడుగారూ. నాకు తెలిశాక ముట్టుకోబుద్ధి కావట్లేదు."

వడ్రంగి చెవులు వినపడని వయసులో ఉన్నాడు గానీ పని మానలేదు. రంపపు పొట్టు మధ్య కూర్చుని కుర్చీ కాలు చిత్రిక పడుతున్నాడు. రేపు గారు గొడుగు ఆయన ముందు పెట్టి, గట్టిగా, వీధంతా వినపడేలా సంగతంతా చెప్పాడు. షెడ్డు, సంతకం, వాన, నవ్వు, ఇరవై రెండేళ్ళు. వడ్రంగి పిడి తడిమి చూసుకుని, "నేను చేసిన పిడే! ఇంకా గట్టిగానే ఉందే!" అని మురిసిపోయాడు. తర్వాత ఏదో అర్థంకానట్టు మొహం పెట్టాడు.

"లంచమేమిటి బాబూ? సంతకం అప్పటికే పెట్టేశారుగా! సన్నగా రివటలా ఉండేవారు, తడిస్తే జ్వరమొస్తుందని ఇచ్చాను."

రేపు గారికి కళ్ళు కనపడలేదు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. పెట్టుకుని మళ్ళీ తుడుచుకున్నాడు. ఆయన తుడుచుకుంటూ ఉండగానే రేకుల మీద టపటపా మొదలైంది. చూస్తుండగానే వాన అందుకుంది. వడ్రంగి ఆకాశంకేసి చూసి, గొడుగు తెరిచి, ఆయన చేతిలో పెట్టాడు.

"పెద్దాయన తడుస్తాడు, తీసుకెళ్ళండి. రేపు తెచ్చిద్దురుగాని."

అల్లుడు మామగారి మొహంలోకి చూశాడు. మామగారు ముందుకొచ్చి గొడుగు కిందికి దూరాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరికి తగులుతూ, చెరోవైపూ సగం సగం తడుస్తూ ఇంటికి నడిచారు.

"ఆ వాక్యం" అన్నాడు వీధి మలుపు దగ్గర మామగారు. "నేను పెన్సిలు పెట్టలేదు, చూశారా?"

"చూశాను మామయ్యగారూ."

మర్నాడు పొద్దున్న ఏడింటికే రేపు గారు గొడుగు తీసుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు. వడ్రంగి ఇంకా తలుపు తియ్యలేదు.